నయమైందని నేను రాసిన పన్ను

కోదాడలో ట్రక్కు దిగేసరికి మధ్యాహ్నం మూడూ నలభై. సన్నటి వాన. సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన మరుసటి ఏడాది అది. మేం పదకొండు మంది సిపాయిలం. మూడు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్, రెండు బ్యాటరీలు, ముప్పై అడుగుల ఏరియల్ స్తంభం. సూర్యాపేట ఇరవై ఏడు మైళ్లు. బావి రెండు వందల పది అడుగుల దూరం. బడిలో మూడో తరగతి దాటకపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అందుకే సరుకుల పంపకం, రోజువారీ నివేదిక నాకప్పగించారు.

సూర్యాపేటకూ మిర్యాలగూడకూ మధ్య సందేశాలు అందించడం మా పని. అదంతా ఒక్క ఆపరేటరు మీద నడిచేది. ఇరవై నాలుగేళ్ల వాడు. రోజుకు పన్నెండు గంటల డ్యూటీ. కునుకు పట్టకుండా బుగ్గలో బెల్లం ముక్క పెట్టుకునేవాడు. నమిలితే ఆ చప్పుడుకు సంకేతాలు వినబడవు. అందుకని చప్పరించడమే. రోజుకు రెండు ముక్కలు నేనే ఇచ్చేవాణ్ణి. నలభై ఐదు రోజులు ఇచ్చాను.

ఒక సోమవారం పొద్దున కుడి దవడ పట్టుకుని వచ్చాడు. కింది వరసలో చివరి నుంచి రెండో పన్ను. సూర్యాపేట ఆసుపత్రికి పంపాలన్నాడు మా నర్సింగ్ సిపాయి. బుధవారం ట్రక్కులో ఒక చోటు రాసిపెట్టాను. అందాకా ఆగలేనన్నాడు ఆపరేటరు.

మా గుడారాల పక్కనుంచి రోజూ గొర్రెల్ని తోలుకెళ్లే పెద్దావిడ ఉండేది. పంటి పురుగు తీస్తుందని పేరు. పిలిపించాం.

"గింత పెద్ద తుపాకులు వట్టుకొని పంటికి ఏడుస్తున్రా? నోరు తెరువు బిడ్డా," అంది.

నిప్పుల మీద నూనె తడిపిన వాకుడు గింజలు వేసింది. పొలం గట్ల మీద పెరిగే ముళ్లమొక్క అది. పైన చిల్లికుండ బోర్లించి, ఆముదపు కాడ గొట్టంలా పెట్టి, పొగ పంటికి పట్టించింది. నోటి కింద పెట్టిన నీళ్ల గిన్నెలో సన్నటి తెల్ల పురుగులు రాలాయి. లెక్కపెట్టాను. పద్నాలుగు.

"ఖతం. ఇగ బువ్వ తిను."

మంగళవారం సాయంత్రానికి నొప్పి పూర్తిగా పోయింది. చన్నీళ్లు పుక్కిలించినా జివ్వుమనలేదు. "నయమైంది" అని నివేదికలో రాసి, ట్రక్కులో చోటు బియ్యం బస్తాకు ఇచ్చేశాను.

"ఒకసారి డాక్టరుకు చూపిద్దామండీ," అన్నాడు నర్సింగ్ సిపాయి.

"పద్నాలుగు పురుగులు. నా కళ్లతో లెక్కపెట్టానయ్యా," అన్నాను.

శుక్రవారం ఉదయం ఏడింటికి దవడ కింద నిమ్మకాయంత వాపు. ఒళ్లు కాలిపోతోంది. "నోట్లో ఎన్ని వేళ్లు పడుతున్నాయో గంటగంటకూ చూడండి. ఒక్కటి కూడా పట్టకపోతే ఊపిరికే ప్రమాదం," అన్నాడు నర్సింగ్ సిపాయి. ఏడింటికి రెండు వేళ్లు. తొమ్మిదింటికి ఒకటి, అదీ కష్టంగా.

సెట్లో మిర్యాలగూడ పిలిచింది. "నీ గొంతేదిరా? అత్తారింట్లో మర్చిపోయావా?"

ఆపరేటరుకు మాట పెగల్లేదు. మోర్స్ మీట మీద కొట్టాడు. "నోరు తెరుచుకోవట్లేదు. బండి కావాలి."

ఈసారి వేళాకోళం లేదు. "హుజూర్‌నగర్‌లో ఉంది. పదిన్నరకు వస్తుంది."

బండి కోసం చూస్తుంటే పెద్దావిడే వచ్చి వాపు తడిమింది. ముఖం మారింది.

"గిది పురుగు పని గాదు. చీము వట్టింది. జల్ది దవాఖానకు తీస్కపోన్రి. పొగ వెట్టినందుకే నన్ను నమ్ముకొని కూసున్నవా సారూ?"

ఇరవై ఏడు మైళ్లకు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. వాన, బురద. ఆపరేటరు నా ఎదురుగా కూర్చున్నాడు. పన్నెండింటికి కొలిచి చూపించమన్నాను. వేలెత్తాడు. అది పెదవుల దగ్గరే ఆగింది.

సూర్యాపేట డాక్టరు దవడ కింద కోసి చీము తీశాడు. మూడు గంటలకొక పెన్సిలిన్ సూది. ఆదివారం నోరు రెండు వేళ్లు పట్టేంత తెరుచుకున్నాక పన్ను పీకాడు. దానికి ఒక పక్క బియ్యపు గింజంత నల్ల రంధ్రం.

"నయమైందని ఎవరన్నరు?"

"నేనే రాశానండి."

"పంటి మీద తీపి నిలిస్తే పులుస్తది. ఆ పులుపు పన్నును తింటది. రంధ్రం నరం దాక పోతే నొప్పి. నరం సచ్చిందా, నొప్పి బంద్. లోపలి చీము మాత్రం బంద్ గాదు. సల్లనీళ్లకు జివ్వుమన్నప్పుడే వస్తే రంధ్రం పూడ్చెటోన్ని. తీపేమన్న ఎక్కువ తింటడా?"

నలభై ఐదు రోజులు, రోజుకు రెండు. తొంభై ముక్కలు. నా చేత్తోనే.

పదో రోజు ఆపరేటరు సెట్టు ముందు కూర్చున్నాడు. బెల్లం భోజనంతోనే ఇచ్చి, ఎదురుగా పుక్కిలింపించాను. తర్వాత వాకుడు గింజలు తెచ్చి, ఎవరి నోరూ లేకుండా ఖాళీ గిన్నెలోకి పొగ పట్టాను. పదకొండు రాలాయి. అవి గింజల్లోని మొలకలే. పెద్దావిడకు చూపించాను.

"నీ గిన్నెకు గూడ పన్నునొప్పి ఉన్నదేమో బిడ్డా," అని నవ్వింది. "పొగకు జర తిమ్మిరెక్కుతది. గంతే. పురుగు కనవడకుంటే మీరు నమ్మరు." ఆ తర్వాత వాపుతో వచ్చిన వాళ్లెవరికీ ఆమె పొగ పెట్టలేదు. మా గుడారానికి పంపేది. మా ట్రక్కులో అలా ఏడుగురు సూర్యాపేట వెళ్లారు. ఏడుగురూ తిరిగొచ్చారు.

ఎనిమిది నెలలకు ఇల్లు చేరాను. మా ఊళ్లో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా ఇప్పుడు నా దగ్గరికే వస్తారు. నొప్పి ఎప్పుడు మొదలైందని అడగను. ఎప్పుడు ఆగిందని అడుగుతాను. తనంతట తానే ఆగిందంటే ఆ పూటే ఆసుపత్రికి బయల్దేరదీస్తాను.

ఆ శుక్రవారం బురదలో మెల్లగా పోతున్న మా బండి పక్కనుంచి నడిచిపోతున్న వాళ్లు ఆపరేటరును చూసి గొంతులు తగ్గించారు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు కదా, మాట్లాడొద్దంటున్నాడని అనుకున్నారు. ఆ వేలు ఎందుకక్కడ ఆగిందో బండిలో తెలిసింది నా ఒక్కడికే. వాడు నన్నే చూస్తున్నాడు.