మాట అందించే మనిషి

మొన్న ఫిల్మ్ నగర్‌లో ఒక షూటింగ్ చూడటానికి వెళ్లాను. కెమెరా పక్క నుంచి సహాయ దర్శకుడి గొంతు వినిపించింది. "నువ్వు లేకపోతే నేను బతకలేను" అనే మాటను అతను బస్సు వేళ చెప్పినంత చప్పగా చెబుతున్నాడు. ఎదురుగా నిలబడిన నటి ఆ మాటే అందుకుని కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. నాకు మాత్రం నాన్న పక్కన నిలబడినట్టే అనిపించింది.

మా నాన్న ప్రకాశరావు ఉద్యోగ జీవితమంతా ఇదే పని చేశారు. తెలుగు రాని నటీనటులకు కెమెరా పక్కన నిలబడి మాట అందించడం. తర్వాత డబ్బింగ్‌లో మరొకరి గొంతు చేరుతుంది కాబట్టి ఆయన గొంతు సినిమాలో ఎక్కడా మిగలదు. కోస్తా నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో ఆయన మాట్లాడేది తక్కువ. ఆదివారం చర్చిలో వాక్యం చదవమన్నా అదే చప్పటి గొంతు. "కాస్త భావం పెట్టి చదవండి బ్రదర్" అని పాస్టరుగారు ఒకసారి నవ్వుతూ అంటే, "భావం వినేవాళ్లు పెట్టుకుంటారులెండి అయ్యగారూ" అన్నారు.

కొత్తలో ఆయనా భావం పెట్టే అందించేవారట. ఒక విషాద సన్నివేశంలో మాట మధ్యలో ఆయనకు దగ్గు వచ్చింది. కథానాయిక కూడా సరిగ్గా అక్కడే ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుని, అచ్చం అలాగే దగ్గింది. దర్శకుడు ఓకే చేసేశాడు. ఆ పాత్రకు క్షయ ఎప్పుడు బయటపడుతుందా అని జనం చివరిదాకా ఎదురుచూశారని అమ్మ వేళాకోళం చేసేది. నాన్న మాత్రం నవ్వేవారు కాదు. "నేను ఏడిస్తే ఆ అమ్మాయి నా ఏడుపే ఏడుస్తుంది. మనం మాట అందించి పక్కకు జరగాలి" అనేవారు.

నేను ఒక దినపత్రికలో సినిమా పేజీకి చేరి, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్న రోజుల్లో, ముంబై నుంచి వచ్చిన ఒక కథానాయిక ఏడుస్తూ సెట్ నుంచి వెళ్లిపోయింది. హీరోతో గొడవని కొందరు, దర్శకుడు తిట్టాడని కొందరు చెప్పుకున్నారు. ఆ సినిమాకు మాట అందిస్తున్నది నాన్నే. మా పేజీ ఇన్‌ఛార్జి యాదగిరి సార్ నన్ను పిలిచారు.

"ఏందమ్మా, వార్తను ఇంట్ల పెట్టుకొని ఊరంత దేవులాడుతున్నవ్? మీ నాయన కెమెరా పక్కనే ఉన్నడు గద, జర అడుగు. ఇది తెస్తే నీ కొలువు పక్కా. తేకుంటే పైవాళ్లకు నేనేం చెప్పాలె?"

సాయంత్రం నాన్న టీ తాగుతుండగా అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"అది నేను చెప్పేది కాదమ్మా. ఆ అమ్మాయి చెప్పుకోవాల్సింది."

"చెబితే నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు కదండీ! దాని ఉద్యోగం సంగతి" అంది అమ్మ.

నాన్న మళ్లీ గ్లాసు అందుకున్నారు. నేను అన్నం తినకుండా పడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకు ఆయన ఫోన్ చేశారు. "ఆవిడ ఇవాళే ముంబై నుంచి తిరిగొచ్చింది. నువ్వు రావచ్చా అని ఆవిడనే అడిగాను. రమ్మంది. అడగాల్సింది నువ్వే. నేను బయట కూర్చుంటా."

మేకప్ వ్యాన్‌లో ఆ అమ్మాయి హిందీలో మెల్లగా చెప్పింది. సెట్ నుంచి వెళ్లిపోయిన రోజు పొద్దున తనను పెంచిన నానమ్మ పోయింది. అయినా సెట్‌లో నవ్వుతూ పెళ్లిచూపుల సీన్ చెయ్యమన్నారు. "మీ నాన్నగారు మాట చెప్పి, నేను పలికేదాకా ఆగారు. నాకు నోరు పెగల్లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికి వెళ్లమ్మా, వాళ్లతో నేను మాట్లాడతాను అన్నారు. రాసుకోండి, అభ్యంతరం లేదు. నా నోటితో ఎవర్నీ తిట్టించకండి, అంతే."

షేక్‌పేట మీదుగా ఆటోలో వెళ్తుంటే అడిగాను. "పంపించింది మీరా? డైరెక్టర్‌కు ఏం చెప్పారు నాన్నా?"

"ఇవాళ మాట అందదు సార్ అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"చాలా అన్నాడు" అని బయటికి చూశారు. లోపల ఏం మాట్లాడుకున్నామని మాత్రం నన్ను అడగలేదు.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిచ్చాను. యాదగిరి సార్ చదివి ముఖం చిట్లించారు. "గింతేనా? ఉప్పు లేదు, కారం లేదు. కన్నీరుమున్నీరైందని ఒక్క ముక్కన్న పెట్టు."

"ఇంతే సార్. వెయ్యకపోతే పోనీండి" అన్నాను. నా గొంతు నాన్న గొంతంత చప్పగా వచ్చింది. అందుకు నేనే ఆశ్చర్యపోయాను. ఆయన ఇంకోసారి చదివి, ఏమీ మార్చకుండా పంపించారు. తెల్లారి మిగతా పేపర్లలో రకరకాల గొడవలు వచ్చాయి. నానమ్మ మా పేపర్లోనే ఉంది. నెలాఖరుకు నా ఉద్యోగం ఖాయమైంది. "మొండిదానివే" అని మాత్రం అన్నారు సార్.

ఇప్పుడు ఆ పేజీ నేనే చూస్తున్నాను. ఎవరి గురించి రాయాలన్నా ముందు వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్తాను. రమ్మంటే లోపలికి వెళ్తాను, వద్దంటే తిరిగొస్తాను. జూబ్లీహిల్స్‌లో అలా తిరిగొచ్చిన గేట్లు చాలానే ఉన్నాయి. అయినా మా పేజీ ఒక్కరోజు కూడా ఖాళీగా రాలేదు.