మెర్వ్ లోపల పెట్టిన డబ్బా

మా ఆయన మెర్వ్ నలభై ఏళ్ళు న్యూకాజిల్ శివార్లలో ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఇప్పుడు పనేమీ లేదు, చేతులు మాత్రం ఊరుకోవు. గురువారం పొద్దున చెత్తలారీ మా వీధిలోకి వస్తే చాలు, దాని వెనకే తయారు. లారీ ఒక్కో ఇంటి ముందున్న చెత్తడబ్బాని ఖాళీ చేసి దించడం, ఈయన దాన్ని ఆ ఇంటి పక్క సందులోకి తోసుకెళ్ళి పెట్టడం. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు.

వద్దన్నది ఎదురింటి థెల్మా ఒక్కతే. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఒంటరిగా ఉంటుంది. రెండేళ్ళ కిందట మెర్వ్‌ని గేటు దగ్గర నిలబెట్టి మరీ చెప్పింది.

"నా డబ్బా ముట్టుకోకు మెర్వూ. నేనే లోపలికి తెచ్చుకుంటా. మధ్యాహ్నం దాటినా బయటే ఉందంటే నేను పడిపోయానని అర్థం. అప్పుడు రా."

"అయితే గురువారమే పడు. మిగతా రోజుల్లో నాకు కుదరదు," అన్నాడు ఈయన.

ఆవిడ పకపకా నవ్వి, ఇంటి తాళంచెవి ఒకటి మాకిచ్చింది.

మొన్న శుక్రవారం సాయంత్రం ఎదురింటి కర్టెన్లు మూసే ఉన్నాయి. నా మనసెందుకో కీడు శంకించింది.

"థెల్మా కనబడి రెండ్రోజులైంది. ఓసారి చూసి రారాదూ?"

"నిన్న డబ్బా లోపలికి పోయిందిగా, నిక్షేపంగా ఉంది. ఎండకి కర్టెన్లు వేసుకుని ఉంటుంది. నీకన్నీ కంగారే."

అతిగా భయపడుతున్నానేమో అని ఊరుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

ప్రతి శనివారం థెల్మాతో కలిసి ముగ్గురం క్లబ్బుకి వెళతాం. మాకంటే ముందే తెల్ల టోపీ పెట్టుకుని మా కారు దగ్గర నిలబడే మనిషి ఆ రోజు రాలేదు. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే.

"డబ్బా లోపలే..." అంటూ మెర్వ్ మళ్ళీ మొదలెట్టాడు.

"ఆవిడ లోపలికి తీసుకెళ్తుంటే నువ్వు చూశావా?"

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గురువారం గాలికి డబ్బాలన్నీ రోడ్డుమీద దొర్లుతున్నాయి లోర్నా. వరసలో అలవాటుగా ఆవిడదీ... నేనే లోపల పెట్టాను."

నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ తిట్టే వ్యవధి లేదు. ఇద్దరం రోడ్డు దాటి పరిగెత్తాం. ఆయన చేతిలోని తాళంచెవి లాక్కుని నేనే తలుపు తీశాను. పిలిస్తే పలుకు లేదు. వంటింట్లో లేదు, పడగ్గదిలో లేదు.

వెనక బట్టలుతికే గదిలో నేలమీద ఉంది, ఒక కాలు వంకరగా తిరిగి. మిషన్లోంచి తువ్వాలు లాగుతూ పడిపోయినట్టుంది, ఆ తడి తువ్వాలు నోటి దగ్గరే ఉంది. దాన్ని చప్పరిస్తూ ప్రాణం నిలబెట్టుకుంది. కళ్ళు తెరిచి మమ్మల్ని చూసింది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అంబులెన్సుకి ఫోన్ చేశాను.

మెర్వ్ పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"గురువారం ఈ కిటికీ కిందే డబ్బా పెట్టావు," అందావిడ పీలగొంతుతో. "నీ దగ్గు గుర్తుపట్టా. పిలిచా. లారీ చప్పుడుకి నీకు వినబడలేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "డబ్బా లోపలికొచ్చేసింది కదా మెర్వూ, ఇక ఎవరూ రారనుకున్నా."