క్యాసెట్టులో ఇరుక్కున్న పంటు

మా మావయ్య మా ఇంటి గుమ్మం ఎక్కుతూ అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. కాళ్ళు కడుక్కోడు, మంచినీళ్ళు అడగడు, సొంత అక్క ఎలా ఉందో కూడా కనుక్కోడు.

"ఏంటి బావగారూ, మీ పంటు ఒడ్డు చేరిందాండి?"

మా నాన్నగారు పేపరు పైకెత్తి మొహం దాచుకునేవారు. వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించేది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా ఇంట్లో నడిచిన భాగోతం ఇది.

మాది నరసాపురం. అమ్మ పుట్టిల్లు గోదావరికి అవతల, సఖినేటిపల్లి రేవులో దిగి ఇంకాస్త లోపలికి వెళ్ళాలి. మధ్యలో వంతెన లేదు. మనుషులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఒక్కోసారి కారు కూడా, అన్నీ పంటు మీదే దాటాలి. పడవలు జతకట్టి పైన బల్లలు పరిచిన ఆ పంటు ఎక్కి మావయ్య వారం వారం ఇవతలికి వచ్చేవాడు, పని ఉన్నా లేకపోయినా. వచ్చినవాడు ఈ ప్రశ్న అడక్కుండా తిరిగి వెళ్ళిన దాఖలా లేదు.

దాని వెనక సంగతి చెబుతాను. నేను చాలా చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాన్నగారి స్నేహితుడొకాయన దుబాయ్ నుంచి ఒక బుల్లి కంప్యూటరు తెచ్చిచ్చాడు. నల్లగా, పుస్తకమంత ఉండేది, పైన రబ్బరు మీటలు. టీవీకి తగిలిస్తే తెర మీద అక్షరాలు కనిపించేవి. కరెంటు తీసేస్తే అందులో రాసిందంతా మాయమైపోతుంది కాబట్టి, ప్రోగ్రామును మామూలు టేప్ రికార్డర్లో మామూలు క్యాసెట్టు మీద ఎక్కించుకోవాలి. మళ్ళీ కావలసినప్పుడు ఆ క్యాసెట్టు వేస్తే కీచుకీచుమని అరుస్తూ కంప్యూటర్లోకి దిగుతుంది. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ ఏడు వేసవి సెలవులు మొత్తం టీవీ ముందే కూర్చుని ఒక ఆట తయారు చేశారు. ఇవతలి రేవులో పంటు బయల్దేరుతుంది. మధ్యలో ఇసుక మేటలు. ప్రవాహం సముద్రంవైపు లాగేస్తూ ఉంటుంది. మీటలు నొక్కుతూ దాన్ని అవతలి ఒడ్డుకు చేర్చాలి.

తయారు చేశానని ఆయన అన్నారు. చూసినవాళ్ళు మాత్రం లేరు. మావయ్య చూడ్డానికి వచ్చిన రోజున లోడ్ అయ్యేలోపే కరెంటు పోయింది. ఇంకోసారి వచ్చినప్పుడు పంటు సగం నదిలో ఆగిపోయి కదలనంది. "ఇంకొక్క చిన్న తప్పుందోయ్, సరిచేస్తాను" అన్నారు నాన్నగారు. సరిచేశారు కూడా. ఈసారి మావయ్య వచ్చేలోగా ఎలుకలు వచ్చి ఆ రబ్బరు మీటల్లో అంకెల వరసంతా కొరికేశాయి. లెక్కల మాస్టారింటి ఎలుకలు కదా అని మావయ్య రేవుకు ఇటూ అటూ చెప్పుకుని తిరిగాడు.

అమ్మ చూసిందా అంటే, అమ్మ ఆ మాట ఎప్పుడూ తేల్చలేదు. తన తమ్ముడు ఎగతాళి చేస్తే నవ్వేది, అంతే.

నేను పెద్దదాన్నయ్యాను. భీమవరంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, విడిభాగాలు కొనిపించి ఇంట్లో నాకంటూ ఒక కంప్యూటరు కట్టించుకున్నాను. మొదటి దసరాకే అమ్మ దాని మానిటరుకు సరిగ్గా అద్దం నడిమధ్యన పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టింది. నేను తుడిచేశాను. ఆవిడ మళ్ళీ పెట్టింది. దసరాకు మా ఇంట్లో బొట్టు లేని వస్తువు ఉండకూడదు. కుట్టుమిషను, సైకిలు, కొబ్బరి కోరాం, నీళ్ళ మోటారు, అన్నీ ముస్తాబవుతాయి. చివరికి నేనే ఓడిపోయి, ఆ బొట్టు చుట్టూ కళ్ళు తిప్పుకుంటూ పనిచేసుకున్నాను.

నాన్నగారు రిటైరైన రోజు స్కూల్లో సన్మానం చేశారు. శాలువా కప్పారు, పూలదండ వేశారు. బంధువుల తరఫున రెండు ముక్కలు మాట్లాడమంటే మావయ్య ఎగిరి మైకు అందుకున్నాడు.

"మా బావగారు వందలమంది పిల్లల్ని ఒడ్డున పడేశారండి. పాపం, ఒక్క పంటునే చేర్చలేకపోయారండి" అని మొదలుపెట్టి ఎలుకలతో సహా మొత్తం కథ వినిపించాడు. హాలంతా గొల్లుమంది. నాన్నగారూ నవ్వారు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంటికొచ్చాక నాన్నగారు శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, అన్నం వద్దన్నారు. నాకు మావయ్య మీద ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా బోర్డు మీద రుజువు చేసి చూపించిన మనిషి. ఆయన చెప్పిన ఒక్క మాటకే రుజువు లేకుండా పోయింది.

మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో నా గది గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మాయ్, మీ కంప్యూటర్లో మా కంప్యూటరు నడుస్తుందా?"

"నడవదండి" అనేశాను ముందు. తర్వాత ఆలోచిస్తే నడుస్తుంది. ఎమ్యులేటర్ అని ఒకటుంటుందనీ, అది వేస్తే కొత్త కంప్యూటరు అచ్చం పాతదానిలా ప్రవర్తిస్తుందనీ చెప్పాను.

"అంటే వేషం కడుతుందన్నమాట" అన్నారు నాన్నగారు. కాలేజీ రోజుల్లో ఆయన నాటకాల్లో ఆడవేషాలు కట్టినవారు, చప్పున అర్థమైపోయింది. "బాగా కట్టమను. పాత్రలో లీనమైపోవాలి."

ఆ వేషధారిని ఇంటికి తేవడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. భీమవరం నెట్ సెంటర్లో డౌన్‌లోడ్ చివరికి వచ్చేసరికి లైన్ కట్టయ్యేది. ఎలాగో దించుకుని ఫ్లాపీలో వేసుకొస్తే, ఇంటికొచ్చేసరికి ఫ్లాపీ చదవనని మొరాయించేది. బస్సులో ఎవరి రొయ్యల బుట్టో ఆనుకుని తడిసిన ఫ్లాపీ కూడా ఒకటుంది. ఆ వాసన దాన్ని పారేసేదాకా వదల్లేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున నా తెర మీద ఆ పాత కంప్యూటరు తెల్లగా వెలిగింది. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి జరిగారు. తెర అంచు ఒకసారి నిమిరారు.

ఇక క్యాసెట్టు. అది అమ్మ బీరువాలో ఉంది. అడగ్గానే పట్టు జాకెట్టు ముక్కలో చుట్టినది తెచ్చి నా చేతిలో పెట్టి, "ఎందుకొచ్చిన వేషాలమ్మా ఇవి" అని వెళ్ళిపోయింది.

రేడియో రిపేరు షాపులో రెండువైపులా పిన్ను పెట్టించుకొచ్చిన వైరును టేప్ రికార్డర్లోంచి కంప్యూటర్లోకి గుచ్చాను. ఈవైపు పాట పాడితే ఆవైపు వేషధారి వినాలి. లోడ్ అని కొట్టబోతే తెర మీద ఏదేదో వచ్చింది. ఆ పాత కంప్యూటర్లో ఒక్కో మీటకు ఒక్కో మాట మొత్తంగా ఉంటుందట. కంప్యూటర్లు నేర్పే నేను బిక్కమొహం వేస్తే, నాన్నగారు చెయ్యి చాపి జె నొక్కారు. లోడ్ అని వచ్చింది. ఆ రబ్బరు మీటలన్నీ ఆయన వేళ్ళకు ఇంకా గుర్తున్నాయి.

టేపు నొక్కాం. ఇల్లంతా కీచుమని అరుపు. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి, ఏమైనా కాలుతోందా అని అడిగింది. తెర అంచుల్లో రంగు గీతలు కదిలాయి. కదిలి కదిలి ఆగిపోయాయి. లోడింగ్‌లో తప్పు అని ఇంగ్లీషులో వచ్చింది. సౌండు పెంచాం. తప్పు. తగ్గించాం. తప్పు. స్క్రూడ్రైవరుతో టేప్ రికార్డరు హెడ్డు కొంచెం అటూ కొంచెం ఇటూ తిప్పాం. అయినా తప్పే.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

"ఏంటి బావగారూ, మీ పంటు..." మావయ్య మాట మధ్యలో ఆపి గదిలోకి తొంగి చూశాడు. భుజం మీది పనసకాయ దించి కింద పెట్టాడు. "ఏంటమ్మాయ్, కంప్యూటరుకి కోరింత దగ్గొచ్చిందా?"

పంటు నడిచాకే వాడికి కబురుచేద్దాం అనుకున్నారు నాన్నగారు. కబురుతో పనిలేని మనిషి మావయ్య. కుర్చీ లాక్కుని, పనసకాయ మీద కాలు పెట్టుకుని, తీర్థానికొచ్చినట్టు సుఖంగా కూర్చున్నాడు.

నేను విసుగొచ్చి క్యాసెట్టు బయటికి లాగాను. వెలుగులో పెట్టి చూస్తే, కింది అంచున, టేపు బయటికి కనిపించే చోట పసుప్పచ్చగా ఏదో పెచ్చులు కట్టి ఉంది. దాని మీద ఎర్రగా. గోటితో గీకితే రాలింది. వాసన చూడనక్కర్లేదు. దసరా వాసన నాకు తెలుసు.

"ఎవరు చేశారీ పని?" అని అరిచారు నాన్నగారు. ఎవరో అడగాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నేనేనండి. దసరాకి అన్నిటికీ పెడతాగా."

"పెడితే పెట్టావు. డబ్బాకి పెట్టొచ్చుగా! టేపు మీద ఎందుకు పెట్టావే?"

"మొహానికి కాక వీపుకి పెడతారాండి ఎవరైనా?"

ప్రతి వస్తువుకూ ఒక మొహం ఉంటుందని అమ్మ లెక్క. సైకిలు మొహం హ్యాండిలు, మానిటరు మొహం అద్దం. క్యాసెట్టుకు కింద నోరు తెరుచుకున్నట్టు, పళ్ళు కనిపిస్తున్నట్టు ఉంటుంది కదా, అదే దాని మొహమని ఏటేటా శ్రద్ధగా అక్కడే దిద్దింది.

"మీటలు తిన్నది ఎలుకలు. ప్రోగ్రాము తిన్నది నీ భక్తి" అన్నారు నాన్నగారు. ఆయన గొంతు అలా అంత కటువుగా నేనెప్పుడూ వినలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి గిన్నెల చప్పుడు మామూలుకన్నా గట్టిగా వినిపించింది.

"పోన్లెండి బావగారూ" అన్నాడు మావయ్య, నవ్వు ఆపుకుంటూ. "పసుపూ కుంకుమలతో మునిగింది. పుణ్యం చేసుకున్న పంటు."

నేను దూదికి స్పిరిట్ అద్ది తుడవడం మొదలుపెట్టాను. పసుపుతోపాటు టేపు మీది గోధుమ రంగు పూత కూడా ఊడి దూదికి అంటుకుంది. అక్కడ ఇక ఏమీ మిగల్లేదు. ఆ మాట నాన్నగారికి ఎలా చెప్పాలా అని చూస్తుంటే ఆయనే, "అది పోతే పోయింది, ముందుకి తిప్పు" అన్నారు. "అది రఫ్ కాపీ. దాని తర్వాత ఫెయిర్ కాపీ ఉంటుంది."

పిల్లలచేత జీవితమంతా రెండుసార్లు రాయించిన మనిషి తను మాత్రం ఒక్కసారే రాస్తారా! పెన్సిలు దూర్చి టేపు ముందుకు చుట్టాను. మళ్ళీ అరుపు, మళ్ళీ గీతలు. గీతలు ఆగలేదు. మావయ్య పనసకాయ మీంచి కాలు తీశాడు. అరుపు ఆగింది. తెర నీలంగా మారి, ఇవతలి గట్టున ఒక పంటు కనిపించింది.

నాన్నగారు మీట నొక్కారు. పంటు ఒక్క గెంతులో నది దాటి తెర అవతల మాయమైంది.

"ఇది పంటాండి, విమానమాండి?" అన్నాడు మావయ్య.

తప్పు నాదే. లోడింగ్ అయిపోయిన సంబరంలో ఎమ్యులేటర్ని పరుగులో పెట్టే మీట నొక్కేశాను. అసలు వేగానికి తగ్గించాను. ఇప్పుడు పంటు పంటులాగే, ఎవరికీ తొందర లేనట్టు కదిలింది. మొదటిసారి మేటకు తగిలింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో "దిగి తొయ్యండి" అని వచ్చింది. మా గోదావరి వాళ్ళ కంప్యూటరు కూడా అండి అనకుండా ఎవర్నీ నీళ్ళలోకి దింపదు. నాన్నగారు మళ్ళీ మొదలుపెట్టారు. ప్రవాహం పంటును కిందికి లాగుతుంటే ఆయన భుజంతో సహా పైకి వంగిపోయారు. మావయ్య కూడా వంగాడు. నేనూ వంగాను.

పంటు అవతలి గట్టుకు ఆనుకుని ఆగింది.

అప్పుడు చూశాం, ఆ గట్టు మీద గీతలతో గీసిన ఒక మనిషి నిలబడి ఉన్నాడు, నెత్తిన గొడుగుతో. పంటు తగలగానే గొడుగు పైకీ కిందికీ ఊపుతున్నాడు.

"వాడెవడండి?" అన్నాడు మావయ్య.

"నువ్వేనోయ్" అన్నారు నాన్నగారు. "పెళ్ళైన కొత్తలో మేం ఎప్పుడొచ్చినా రేవులో గొడుగేసుకుని నిలబడేవాడివి కదా, మీ అక్క కోసం. ఎండైనా, వానైనా. నువ్వు లేకపోతే అది సఖినేటిపల్లి రేవెలా అవుతుంది?"

మావయ్య కుర్చీ లాక్కుని తెరకు దగ్గరగా జరిగాడు. "గొడుగు కొంచెం చిన్నదైందండి" అన్నాడు. కళ్ళు తుడుచుకుని అది పనస జిగురన్నాడు. పనసకాయ ఇంకా కొయ్యనేలేదు.

అమ్మ టీ గ్లాసులతో వచ్చింది. మావయ్య ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. "ఇన్నేళ్ళూ నేను అంత ఎగతాళి చేస్తుంటే నవ్వి ఊరుకున్నావేంటి అక్కా? పంటు లేదనే కదా నువ్వూ అనుకున్నావు?"

"లేదని నేనెప్పుడన్నానురా?" అమ్మ గ్లాసు మావయ్య చేతిలో పెట్టింది. "లేనిదానికి ఏటేటా బొట్టు పెడతానా?"

నాన్నగారు టీ గ్లాసు అందుకోలేదు. అమ్మ దాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళేదాకా తల వంచుకుని మీటల వంకే చూస్తూ కూర్చున్నారు.

ఆ ఏడు దసరాకు అమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే, నాన్నగారే బీరువా తీశారు. జాకెట్టు ముక్క విప్పి, క్యాసెట్టును అరచేతిలో పెట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డారు. కాగితం అంటించి ఉన్న వైపు పైకి తిప్పి చూపించారు.

"దీని మొహం ఇటుందోయ్" అన్నారు.