గోడలు మింగిన గొంతు

మొన్న భూపాలపల్లిలో ఒక పెళ్లికి వెళ్లి, ఫంక్షన్ హాల్లో అడుగు పెట్టగానే పాత అలవాటు కొద్దీ ఒక్క చప్పట చరిచి, ఆ చప్పుడు ఎంతసేపు తిరుగుతుందో వింటూ నిలబడితే, పక్కవాళ్లు ఈ పెద్దాయనకు ఏమైందోనన్నట్టు చూశారు. నా ఉద్యోగమంతా అదే మరి. నాటకశాలలకు, సంగీత సభలకు గోడలెట్లా ఉండాలి, చివరి వరుసలో కూర్చున్నవాడికి మాట ఎట్లా చేరాలి అని లెక్క కట్టడం. కొడకండ్లలో మా అమ్మకు ఈ పని ఏమిటో ఎన్నడూ అర్థం కాలేదు; గోడలకు చెవులుంటాయంటారు కదా, మావాడు వాటికి డాక్టరని ఇరుగుపొరుగుకు చెప్పుకునేది.

నేనీ పనిలోకి రావడానికి కారణం ఒగ్గుకథ చెప్పే మా మేనమామ. కొత్తగూడ అడవి పల్లెల్లో మైకు లేకుండా ఆయన కథ ఎత్తుకుంటే, కట్టకడపట కూర్చున్న ముసలమ్మ కూడా కంటతడి పెట్టుకునేది. ఆ మాట అంతదూరం ఎట్లా పోతుందా అని చిన్నప్పుడు నేను జనం వెనకాల తిరుగుతూ వినేవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు మహబూబాబాద్ వైపు ఒక కళాభవనానికి నక్షా గీసే పని నాకు వచ్చింది. సొంత గడ్డ అని ప్రాణం పెట్టి గీశాను: చప్పుడు తిరిగి రాకుండా పీల్చుకునేందుకు వెనక గోడకు గుడ్డ చుట్టిన దూది పలకలు, కప్పుకు చిల్లుల చెక్కలు. ప్రారంభం నాడు మామే మొదట కథ చెప్పాలని పట్టుబట్టిందీ నేనే. తీరా ఆ ఉదయం వెళ్లి చూస్తే పలకలూ లేవు, చెక్కలూ లేవు, నాలుగు దిక్కులా అద్దంలా మెరిసే నున్నటి రాళ్లు. పని చేయించిన గుత్తేదారును అడిగితే, పెద్దసార్లు హాలు మెరవాలన్నారని, దూదిని ఎలుకలు కొడతాయన్నారని చెప్పి, జనం వచ్చే వేళయింది, ఇప్పుడేం చేస్తామన్నాడు. నిజంగానే చేయడానికేమీ లేదు. మామకు చెప్పి ఆపుదామంటే ఆయన అప్పటికే గజ్జెలు కట్టుకుంటున్నాడు.

కథ మొదలయింది. ఒక మాట గోడకు తగిలి తిరిగి వచ్చి, వెనకాలే వస్తున్న మాట మీద పడేది. డోలు దెబ్బ బండలు దొర్లినట్టుండేది. వెనక వరుసల వాళ్లు కాసేపు చెవి ఒగ్గి విని, ఆ తరువాత ఒక్కొక్కరే లేచిపోయారు. ఎక్కడ ఏ మాట పోతున్నదో తెలిసి కూడా నేను మొదటి వరుసలో చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

బయటికి వచ్చాక మామ మెల్లగా అన్నాడు: "నా గొంతు పోయింది బిడ్డా. ఎనుక కూసున్నోళ్లకు ఒక్క ముక్క సమజ్ కాలే."

"తప్పు నీ గొంతుది కాదు మామా, గోడలది," అన్నాను.

"నా మీద పావురంతోని, పేమతోని గట్లంటున్నవ్. గోడలేం జేస్తయ్?"

ఎంత చెప్పినా నమ్మలేదు. గొంతు ఎప్పటిలాగే ఉందని మా అత్త చెప్పినా వినలేదు. జఫర్‌గఢ్‌లో ఉన్న శిష్యుడికి తన డోలు ఇచ్చేసి, బతికినన్నాళ్లూ మళ్లీ కథ ఎత్తలేదు. ఆ గోడలు సరిచేయమని నేను రాసిన ఉత్తరాలకు జవాబే రాలేదు. ఆ తరువాత పెద్ద పెద్ద నగరాల్లో ఎన్నో సభాభవనాలు నేననుకున్నట్టే లేచాయి, నలుగురూ మెచ్చుకున్నారు. ఆ ఒక్క మనిషికి మాత్రం ఆయన గొంతు మీద నమ్మకం తిరిగి ఇప్పించలేకపోయాను.

ఇప్పుడు జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఏ హాలు చూసినా ఆ రాళ్ల మెరుపే. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, వేదిక మీది మాట వినబడకపోతే వెనక నుంచి ఎవరో ఒకరు గట్టిగా అడిగేవారు, లేదంటే లేచిపోయేవారు. ఇప్పుడెవరూ అడగరు, ఎవరూ లేవరు. ఒక్క ముక్క తెలియకపోయినా ఫోను చూసుకుంటూ నిమ్మళంగా కూర్చుంటారు. ఒకనాడు జనం మాట వినడానికే వచ్చేవారని వాళ్లకు ఎట్లా చెప్పాలో తెలియక, నేనూ వాళ్ల మధ్యనే కూర్చుని వస్తున్నాను.