రెండుసార్లు లెక్కకెక్కిన మనుషులు

ఆఫీసులో ఆవిడ్ని జల్లెడమ్మ అనేవాళ్ళు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం మేడమ్. ఆ సంగతి ఆవిడకి తెలుసు, లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. పనే అటువంటిది మరి. జబ్బు చేసిన మనిషి మనసు ఎలా నడుస్తుంది, డాక్టరు మాట ఎందుకు వింటాడు, ఎందుకు పెడచెవిన పెడతాడు అని ఎక్కడెక్కడి వాళ్ళో పరిశోధనలు చేసి పత్రాలు రాస్తారు. వాటన్నిటినీ పోగేసి, చదివి, తాలు ఏరేసి, ఏ సిద్ధాంతం నిలుస్తుందో ఏది నిలవదో తేల్చి చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. ఆ కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు రేకులు తప్ప మరేమీ కనపడవు.

తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ రాసిన సమీక్ష ఒకటి మంచి పేరు తెచ్చింది. బీపీ మాత్రలు మధ్యలో మానేసేవాళ్ళకి ఏం చెబితే మళ్ళీ వేసుకుంటారు? మెల్లగా నచ్చజెప్పాలా, గట్టిగా భయపెట్టాలా? పదకొండు పరిశోధనలు కలిపి చూస్తే భయం వైపే కాస్త మొగ్గు కనిపించింది. ఉన్నదున్నట్టు అదే రాసింది. అది పట్టుకుని ఆసుపత్రులవాళ్ళు ఒక కరపత్రం అచ్చేశారు. పక్షవాతంతో మూతి వంకరపోయిన మనిషి బొమ్మ, కింద ఎర్రక్షరాలతో ‘మానేస్తే మీ గతీ ఇంతే’.

ఈ ఏడు కొత్త పరిశోధనలు చేర్చి ఆ సమీక్షని తిరగరాయాల్సి వచ్చింది. ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి పత్రాన్నీ ఇద్దరు విడివిడిగా చదివి ఎవరి పట్టిక వాళ్ళు నింపాలి. ఇద్దరిదీ పూర్తయ్యేదాకా ఒకళ్ళది ఒకళ్ళు చూడకూడదు. ఈసారి రెండో మనిషిగా కొత్తగా చేరిన ఆవిడ కూర్చుంది. ఇద్దరు పిల్లల తల్లి, నోట్లో నాలుక లేనట్టుంటుంది. పట్టికలు పక్కపక్కన పెట్టుకున్న రోజున ఏదో నసిగింది.

“మేడమ్, పాతవాటిలో ఈ నాలుగోదీ తొమ్మిదోదీ ఒకటేనేమో అనిపిస్తోందండీ.”

“ఒకటెలా అవుతుంది? రాసినవాళ్ళ వరస వేరు, పత్రికలు వేరు, మధ్యలో మూడేళ్ళ తేడా ఉంది.”

“అవుననుకోండి. కానీ రెంటిలోనూ రెండొందల పద్నాలుగు మంది రోగులే. రెంటిలోనూ మధ్యలో వెళ్ళిపోయింది పంతొమ్మిది మందే. సగటు వయసు కూడా...”

జల్లెడమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. అంకెలు మారలేదు. ఆ పరిశోధకులకి ఉత్తరం రాస్తే నాలుగో రోజుకల్లా జవాబొచ్చింది. అవునండీ, మనుషులు వాళ్ళే, మొదటి పత్రంలో ఆరునెలల సంగతి రాశాం, రెండోదాంట్లో ఏడాది సంగతి రాశాం అని. ఆ ఒక్కదాన్నీ తీసేసి లెక్క మళ్ళీ కట్టింది. మొగ్గు కాస్తా మాయమైంది. భయపెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆవిడ గుండెల్లో రాయి పడ్డది అందుకు కాదు. తొమ్మిదేళ్ళ కిందట రెండో మనిషి సెలవు పెట్టింది, గడువేమో ముంచుకొస్తోంది. ఇంతోటిదానికి ఇంకొకళ్ళెందుకని రెండో పట్టిక కూడా తనే నింపేసింది. ఇద్దరం విడివిడిగా చదివామని అచ్చులో రాసుకుంది. తప్పు దిద్దాలంటే ఆ సంగతీ ఒప్పుకోవాలి.

శాఖ పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. “కొత్తదాంట్లో సరిచేసెయ్యమ్మా. పాతదాని జోలికెందుకు? ఎవరు తవ్వుతారు? మూడేళ్ళలో రిటైరవుతావు, ఇప్పుడీ తలవంపులు అవసరమా?” ఆయన మంచికే చెప్పాడు. ఆవిడ చెవికి కూడా ఆ మాట తియ్యగానే తగిలింది, కాదంటే అబద్ధమవుతుంది.

ఇంటాయన దర్జీ. ముందుగదిలోనే మిషను, మిషను చుట్టూ గుడ్డముక్కలు. అంతా విని ఆయన పెడలు మీంచి కాలు తీశాడు.

“కుట్టిన చొక్కా పొట్టయిందని ఒకాయన వచ్చాడనుకో. ఈసారి కుట్టేదానికి పొడుగు పెంచుతాలెండి అంటే ఊరుకుంటాడా? ఒంటిమీదున్నది పాతదే కదా.”

“పరువు పోతుందండీ.”

“పోతుంది. కొంచెం పోతుంది,” అన్నాడాయన సూదిలోకి దారం ఎక్కిస్తూ. కట్టుకున్నదానిక్కూడా తియ్యటి మాట ఒకటి చెప్పడం రాని మనిషి.

ఆ సమీక్ష వేసిన పత్రికకే రాసింది. ఒకే మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టానని, రెండో పట్టిక కూడా నింపింది నేనేనని, ఐదు వాక్యాలు. నెల తిరక్కుండా అచ్చయింది. జల్లెడన్నాక చిల్లులుండవా అని ఆఫీసులో ఎవరో జోకేశారు. జోకు బాగానే ఉంది, ఆవిడకే నవ్వు రాలేదు.

ఆ వారమే, కరపత్రాలు తీసేయించడానికి దగ్గర్లోని ఆరోగ్యకేంద్రానికి స్వయంగా వెళ్ళింది. నర్సు గోడకున్నవి పీకి అట్టపెట్టెలో పడేస్తుంటే, బెంచీ మీద కూర్చున్న ఒకావిడ, బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, అమ్మయ్య అంది.

“ఎందుకమ్మా?” అంది జల్లెడమ్మ.

“ఒక నెల మాత్రలు మానేశానండీ. ఆ కాగితం చేతిలో పెట్టారు. ఆ బొమ్మ చూశాక ఇంక నా పని అయిపోయిందనుకున్నా. వస్తే తిడతారని ఏడాదిన్నర ఈ గడప తొక్కలేదు. మొన్న కళ్ళు తిరిగి పడిపోతే మా మరిది తీసుకొచ్చాడు.”

జల్లెడమ్మ ఆవిడ పక్కనే కూలబడింది. “అది నా లెక్క చూసి వేసిన కాగితమేనమ్మా. ఆ లెక్క తప్పు. పత్రికలో కూడా వేయించాను.”

ఇస్త్రీ ఆవిడ కోప్పడలేదు. “పత్రికలు మేమెక్కడ చదువుతాం తల్లీ?” అంది, నిజంగానే అడుగుతున్నట్టు.

జల్లెడమ్మకి సిగ్గేసింది. లేచి నర్సు దగ్గరికెళ్ళి, రావడం మానేసినవాళ్ళ రిజిస్టరుందా అని అడిగింది. ఉందిగానీ నంబర్లు బయటివాళ్ళకి ఇవ్వకూడదంది నర్సు. కాస్త ఆలోచించి, నేను కలిపిస్తాను మీరు మాట్లాడండి అంది. నలభై ఒక్కమంది తేలారు. మొదటి నంబరు మోగి మోగి, ఎవరో ముసలాయన ఎత్తాడు. ఆరోగ్యకేంద్రం నుంచని చెప్పి నర్సు ఫోను ఆవిడ చేతికిచ్చింది.

“నేను కుదురుగానే వేసుకుంటున్నానండీ,” అన్నాడు, ఆవిడ నోరు తెరవకముందే.

“అందుకు కాదు బాబాయ్ గారూ,” అంది జల్లెడమ్మ. “మిమ్మల్ని తిట్టడానికి చెయ్యలేదు. తప్పు మా వైపు జరిగింది. ఎవరూ భయపెట్టరు, ఒకసారి రండి.”

“ఒక్క నిమిషం ఉండండి,” అని ఆయన ఫోను పక్కన పెట్టి ఇంట్లో ఎవరినో పిలిచాడు. జల్లెడమ్మ ఫోను పెట్టెయ్యకుండా అలాగే పట్టుకు కూర్చుంది.