ఐడిలింగ్ అన్న ఒక్క మాట

వరంగల్ స్టేషన్ దగ్గరి మా మెకానిక్ షెడ్డులో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. ఎవరికీ అంతుబట్టని ఆటోమేటిక్ గేర్ల బండిని నేను ఇంగ్లిషు పుస్తకం చదివి బాగుచేశానని. వినడానికి బాగుంటుంది. ఆ బండిని పాడుచేసింది కూడా నేనేనన్న సంగతి అందులో ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో ఊరి బయటి ఒక దవాఖానకు విదేశం నుంచి డీజిల్ పికప్ దానంగా వచ్చింది. దానికి క్లచ్ పెడల్ లేదు. గేరు దానంతటదే మారుతుంది. అలాంటి బండిని మాలో ఎవరమూ చూడలేదు. ఏడో తరగతితో బడి మానేసిన నేను, హనుమకొండ గ్రంథాలయంలో డిక్షనరీ పక్కన పెట్టుకుని, అలాంటి గేర్‌బాక్సు గురించిన అధ్యాయం మొత్తం నోటుబుక్కులో రాసుకున్నాను. షెడ్డులో ఇంగ్లిషు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేవాణ్ణి.

బండి సర్వీసుకొచ్చిన రోజు ఇంజను ఆపి గేర్‌బాక్సులో ఆయిల్ కొలిచాను. కొలిచే కడ్డీ మీద గీత దాటి చాలా పైకి ఉంది. ఎక్కువైందనుకుని తీసేశాను. ఎర్రగా, శుభ్రంగా ఉందని పారబోయక డబ్బాలో దాచాను.

నెల తిరగకముందే బండి మళ్లీ వచ్చింది. ఇంజను రొద పెడుతుంది గానీ బండి కదలదు. కదిలినా ఎత్తు మీద జారిపోతుంది. డ్రైవరుతో పాటు దవాఖాన మేనేజరు కూడా దిగాడు.

"గీయనే గేర్లు కాలవెట్టిండు," అన్నాడు డ్రైవరును చూపిస్తూ. "రేపట్నుంచి వేరేటోన్ని పెట్టుకుంటున్నం. మీరు బాక్సు ఇప్పి ఏం కాలిందో చూపెట్టుండ్రి. సాయంత్రం వస్త."

డ్రైవరు నాకంటే పదేళ్లు పెద్ద. మేనేజరు పోయాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, నేనేం జెయ్యలే. నువ్వు జెప్పినట్టే నడిపిన."

మళ్లీ అలాగే కొలిచాను. ఆయిల్ సరిగ్గా గీత దగ్గరే ఉంది. ఆయిల్ తక్కువ కాకపోతే లోపలి ప్లేట్లు కాలినట్టే. షెడ్డు నడిపే ఉస్తాద్ నట్లు విప్పే పానాలు తీశాడు. బాక్సు విప్పితే మళ్లీ బిగించడానికి ప్యాకింగులు ఇక్కడ దొరకవు. బండి అక్కడే ఆగిపోతుంది, డ్రైవరు ఉద్యోగం కూడా.

"జర ఆగు ఉస్తాద్," అని నోటుబుక్కు తెరిచి పైకి చదివాను. నేనేదీ తప్పు చేయలేదని చూపించడానికే. ఆయిల్ వేడెక్కాక, గేరు లివరు 'పార్కు' గుర్తు మీద పెట్టి, ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా కొలవాలి.

వేలిముద్ర వేసే మనిషి మా ఉస్తాద్. ఆయన చేయి ఆగింది.

"ఏమన్నవ్?"

"ఐడిలింగ్. ఐడిల్ అంటే పని లేకుండ ఉన్నది, సోమరిది. ఇంజన్ బంద్ ఉండాలె."

"ఎవడు జెప్పిండు?"

"డిక్షనరీల ఉంది."

"మిల్ట్రీ వర్క్‌షాపుల పన్నెండేండ్లు దినాం విన్న మాట అది. ఐడిలింగంటే స్లో మీద నడుసుడు. బంద్ గాదు. నీ డిక్షనరోడు ఎన్నడన్న బండి కింద పన్నడా?"

ఇంజను స్టార్ట్ చేసి, స్లో మీద ఉంచి, కడ్డీ లాగాను. కొన కూడా తడవలేదు. ఇంజను ఆపితే ఆయిల్ అంతా కిందికి దిగి ఎక్కువగా కనిపిస్తుంది. నడుస్తుంటే లోపలంతా పాకుతుంది. నేను తీసింది ఎక్కువైన ఆయిల్ కాదు, ఉండాల్సిన ఆయిల్.

దాచిన డబ్బా తెచ్చి, గుడ్డతో వడగట్టి, కొంచెం కొంచెంగా పోస్తూ గీత దాకా నింపాం. అయినా నమ్మకం లేదు. ఇన్నాళ్లూ ఆయిల్ చాలక తిరిగిన బండి, లోపల నిజంగానే కాలి ఉండొచ్చు.

డ్రైవరు పక్కన కూర్చుని అండర్ బ్రిడ్జికి పోనిమ్మన్నాను. కిందికి దిగాక, ఎత్తు మొదలయ్యే చోట ఆపమన్నాను. బ్రేకు వదిలాడు. బండి అరడుగు వెనక్కి జారింది. ఆయన నా వైపు చూడలేదు. ఇంజను గొంతు మారింది, బండి పట్టు దొరికించుకుని మెల్లగా ఎక్కసాగింది. ఆగకుండా పైదాకా చేరింది.

సాయంత్రం మేనేజరు విని, "ఆయిల్ తక్కువైందా? అంటే ఈయన చూస్కోలేదన్నట్టే గద. ఎట్లైన తప్పు ఈయనదే," అన్నాడు.

నేను ఊరుకుంటే ఆ మాటే నిలిచిపోయేది. ఖాళీ డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"సార్, ఆయిల్ తీసింది నేను. అన్న తప్పేం లేదు. పుస్తకంల మాట నాకు తప్పర్థమైంది."

మేనేజరు ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ తలూపాడు. మేనేజరు బండి తాళంచెవి డ్రైవరు చేతిలో పెట్టి, "పా, పోదం," అన్నాడు.

బండెక్కుతూ డ్రైవరు నా దగ్గర ఆగాడు. "తమ్మీ, గా పుస్తకం మళ్ల సదివేటప్పుడు ముందుగాల నాకు జెప్పు. లీవు వెట్టుకుంట."

తమ పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి మనుషులను గుర్తులతోనే తలుచుకుంటున్నాను. అక్షరం రాకున్నా మాట తెలిసిన ఉస్తాద్‌కు, మూసే వేళ దాటినా నన్ను కుర్చీలోంచి లేపని గ్రంథపాలకుడికి, ఆ తర్వాత కూడా బండి నా చేతికే ఇచ్చిన డ్రైవరన్నకు రుణపడి ఉన్నాను. డిక్షనరీకి కూడా. ఆ మాటకు ఇంకో అర్థం అందులో పేజీ తిప్పితే ఉంది. నేను తిప్పలేదు.