గడ్డి మీద అచ్చు పడదు

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వాల్తేరులో హౌరా మెయిలు ఎక్కాను. మూడో తరగతి, కిటికీ పక్క సీటు. సెలవు చీటీ ఇచ్చినప్పుడు మా హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు పైనుంచి చూసి, "టెన్నిస్ చూడ్డానికి కలకత్తా దాకానా?" అంది. అవునన్నాను. చిన్నప్పుడు చెక్క పలకతో నాతోనే ఆట మొదలుపెట్టిన తమ్ముడు ఆడుతుంటే చూడక, ఇంకేం చూడమంటుంది?

మా దానియేలు హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే కాలనీ క్లబ్బులో టెన్నిస్ మార్కరు. అంటే ఆఫీసర్లకు ఆట నేర్పాలి, వాళ్లకు జోడీ దొరకనప్పుడు ఎదుట నిలబడి ఆడాలి, పొద్దున్నే కోర్టు తడిపి, రోలరు లాగి, సున్నంతో గీతలు వెయ్యాలి. నాన్న పోయిన ఏడాది, మీసాలు సరిగ్గా రాని వయసులో ఆ ఉద్యోగంలో చేరాడు. ఆటకు జీతం పుచ్చుకున్నవాడు పోటీల్లో దిగకూడదని అప్పటి రూలు. ఖరగ్‌పూర్‌లోనూ వాల్తేరులోనూ మట్టికోర్టుల మీద పేరున్న ఆటగాళ్లు సరదాకి వీడితో ఆడి ఓడిపోయేవారు. మర్నాడు వాళ్లే కప్పు కోసం ఆడుతుంటే వీడు గీత బయట నిలబడి బంతులు అందించేవాడు. వాడి వయసంతా అలాగే గడిచింది.

ఇప్పుడు రూలు మారింది. జీతగాళ్లూ ఆడవచ్చునట. కలకత్తాలో జరిగే చలికాలం పోటీకి పేరిచ్చానని, మోకాలు అరిగిపోయింది కనక మొదలూ చివరా ఇదేనని, రమ్మని కబురు పెట్టాడు. ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలునన్నాడు. చిక్కల్లా అక్కడివి గడ్డి కోర్టులు కావడమే.

పలాసలో జీడిపప్పు పొట్లం కొన్నాను, వాడికిష్టమని. అక్కడే ఎక్కిన ఒక పెద్దాయన ఎదుట కూర్చున్నాడు. పేరు అప్పారావు, హౌరా పక్కన లిలువా రైల్వే వర్కుషాపులో ఫిట్టరు. తమ్ముడి ఆట సంగతి చెప్పగానే నా ముఖం పరకాయించి చూశాడు.

"మార్కర్ దానియేలుకి అక్కవేటమ్మా? మట్టి మీద ఆడ్ని కొట్టీవోడు లేడు. జారుకుంటా ఎల్లి తీస్తాడు బంతి. మా కుర్రోలంతా సూడ్డానికి పోయీవోరు."

"ఇప్పుడు గడ్డి మీద ఆడతాడు," అన్నాను.

ఆయన "గడ్డి మీద జారితే పడిపోతారమ్మా," అన్నాడు. తర్వాత బరంపురం దాకా మనవరాలి చదువు గురించే మాట్లాడాడు.

తెల్లవారేసరికి హౌరా. ప్లాట్‌ఫారం మీద దానియేలు నిలబడి ఉన్నాడు, చెవుల మీద జుట్టు నెరిసి. "వచ్చీసావా అక్కా," అని నా సంచీ లాక్కున్నాడు. మట్టి పిడతల్లో చాయ్ తాగి, లోకల్ బండి పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి, సంత్రాగాఛి వెళ్లాం. క్లబ్బు వెనక వాడిది ఒంటి గది. బస నాకు అక్కడే.

గది ముందే కోర్టు. మా నాన్న భీమిలిలో మిషను కాంపౌండు కోర్టు అలికినట్టే ఇక్కడ వీడు ఎర్రమట్టి పరిచి, పేడనీళ్లతో అలుకుతాడు. మా చిన్నప్పుడు అంపైరంటే ఏమిటో మాకు తెలియదు. బంతి లోపల పడిందా బయట పడిందా అని తగువొస్తే వల దాటి వెళ్లి, ఇద్దరం మోకాళ్ల మీద చేతులాన్చి వంగి, మట్టి మీద బంతి అచ్చు చూసుకునేవాళ్లం. అచ్చు చూశాక మాటుండేది కాదు. వీడు ఆఫీసర్లకు కూడా అదే నేర్పాడు. ఎంత పెద్ద సాహెబైనా ఇక్కడ వంగి చూడాల్సిందే.

మర్నాడు మధ్యాహ్నం హౌరా వచ్చి, ట్రాములో దక్షిణ కలకత్తా వెళ్లాం. గోడల నిండా నల్లరంగు నినాదాలు, వీధి మలుపులో పోలీసు వ్యాను. దారి పొడుగునా దానియేలు తెల్ల ప్యాంటు ఇస్త్రీ చెడకుండా నిలబడే వచ్చాడు. పోటీ జరిగే టెన్నిస్ క్లబ్బు లోపల మాత్రం ఆకుపచ్చగా, ప్రశాంతంగా ఉంది. నేను కూర్చున్న కుర్చీ సరిగ్గా వెనక గీతకు ఎదురుగా పడింది.

ఎదుటివాడు ఇరవై ఏళ్ల కుర్రాడు. మొదటి సెట్టు చూడలేకపోయాను. మట్టి మీదైతే బంతి లేచి వీడి కోసం ఆగేది; ఇక్కడ పాదాల కిందినుంచి పారిపోయింది. ఒకసారి అలవాటుకొద్దీ జారబోయి పడ్డాడు. మోకాలి దగ్గర ప్యాంటు పచ్చబడింది. నా పక్కనున్న బెంగాలీ ఆవిడ "ఆహా రే," అని జాలిపడింది.

రెండో సెట్టులో వీడు తేరుకున్నాడు. బంతిని ఎత్తుగా, ఓపిగ్గా, లోతుగా కొట్టడం మొదలుపెట్టాడు. కుర్రాడు విసుగెత్తి తప్పులు చేశాడు. సెట్టు వీడి చేతికొచ్చే పాయింటు దగ్గర, కుర్రాడి తల మీదుగా వెళ్లిన బంతి నా ఎదుటి గీత వెనక అంచు మీద పడింది. నా కళ్లతో నేను చూశాను. గీత దగ్గరున్నాయన "అవుట్" అన్నాడు.

దానియేలు ఎవరితోనూ వాదించలేదు. రాకెట్టు చంకలో పెట్టుకుని, వల పక్కనుంచి దాటి, తిన్నగా ఇవతలికి వచ్చాడు. మోకాళ్ల మీద చేతులాన్చి వంగాడు. కుర్రాడు కూడా వచ్చి పక్కన వంగుతాడని కాసేపు ఎదురుచూశాడు. వాడు రాలేదు. వీడు గడ్డిలో అలా వెతుకుతూనే ఉన్నాడు. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. అంపైరు మర్యాదగానే, "దాదా, ఓదికే జాన్," అని అవతలికి చూపించాడు. నాకు లేచి అరవాలనిపించింది. దానియేలు తలెత్తి నా వంక ఒక్కసారి చూసి, వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒక్క గేము కూడా గెలవలేదు.

తిరుగు ట్రాములో నేనే అన్నాను, "అది లోపలే పడింది రా."

"నువ్వు నా అక్కవి గదా. అలాగే అంటావు," అన్నాడు. మళ్లీ తనే, "తప్పు సెప్పేరని కాదక్కా. సూసుకోడానికి అక్కడ ఏటీ లేదు," అన్నాడు.

గదికి వచ్చాక ఆ ప్యాంటు సబ్బు పెట్టి ఎంత రుద్దినా పచ్చదనం పోలేదు. నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని ఏడ్చాను. రూలు పదేళ్లు ముందు మారితే వీడు గడ్డి మీదా నేర్చుకునేవాడు. నాన్న ఆ ఏడాది పోకపోతే వీడికి జీతం అక్కర్లేకపోయేది. ఎవర్నని తిట్టను?

నా బండి రాత్రికి. పొద్దున్న లేచేసరికి వాడు కోర్టు తడిపి, గీతలు వేసి, గుమ్మంలో నిలబడ్డాడు. "రా అక్కా, కాసేపు ఆడదాం." చీర కుచ్చెళ్లు దోపుకుని, ఎవరో ఆఫీసరుగారి పాత రాకెట్టు పట్టుకుని వెళ్లాను. కుంటుతూనే వాడు నా చేతికందేలా బంతులు వేశాడు. ఒకటి మాత్రం, ఏమనుకున్నాడో, నా వెనక మూలకి బలంగా కొట్టాడు.

"అవుట్," అన్నాను, చిన్నప్పటిలా మొండిగా.

వాడు వల దాటి వచ్చాడు. ఇద్దరం మోకాళ్ల మీద చేతులాన్చి వంగాం. తడి మట్టి మీద కోడిగుడ్డంత అచ్చు, గీతను ఆనుకుని, స్పష్టంగా ఉంది.

"లోపలే," అన్నాను.

వాడు నవ్వాడు. నేను వచ్చాక నవ్వడం అదే మొదలు. తర్వాత గోనెపట్టా తెచ్చి, తాడు భుజాన వేసుకుని, కోర్టంతా ఈడ్చాడు. నా పాదాల గుర్తులూ, వాడు జారిన చారలూ, ఆ అచ్చూ అన్నీ చదునైపోయాయి. సాయంత్రం ఆఫీసర్లు ఆడాలి కదా.

హౌరాలో వాడు బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. నేనిచ్చిన జీడిపప్పు పొట్లం ఇంకా విప్పనేలేదని అప్పుడు చెప్పాడు. సంత్రాగాఛి దాటుతుంటే చీకట్లో కోర్టు ఎటువైపో పోల్చుకోలేకపోయాను.

ఎదుటి సీట్లో విజయనగరం వెళ్లే బ్యాంకు ఆఫీసరుగారి భార్య మాటలు కలిపి, నేనెందుకొచ్చానో విని అడిగింది. "మీ తమ్ముడుగారు టెన్నిస్ ఆడతారా? ఏమైనా గెలిచారాండీ?"

"ఒకటి గెలిచాడండీ," అన్నాను. "పక్కన వంగి నేనే చూశాను."